చేపు

తులసి లగ్నం ఇంక పదకొండు రోజులుందనంగ
మోగ్రా పొదుగు నిండింది.

దాణా పెట్టవోయిన ఎల్లుబాయి
బకెట్ ఆడ్నే ఇడిసి నన్ను పిలిసింది.
ఎనక కాళ్ల నడుమ రెండు మామిడికాయలంత వాపు.
చన్నుల కొసలకు మైనపు బొట్లు.
ముట్టుకుంటె వెచ్చగ, జిగటగ,
తేనెకు పాలకు నడుమ ఏదో రంగు.

పదకొండేండ్ల గుర్రం.
మాళేగావ్ జాతరల, ఖండోబా పసుపు నెత్తి మీద రాలుతుండంగ
పిల్లగ కొన్న. ఎన్నడూ దాటించలే.
మగగుర్రం కనవడితె చెవులు ఎనక్కు పండవెట్టే రకం.
దాని పని పెండ్లికొడుకుల్ని మొయ్యుడు, దించుడు.
ధర్మాబాద్ నుంచి కుండల్వాడి దాక
నాలుగు వందల మందిని మోసింది.
ఇద్దరు రెండోసారి గూడ ఎక్కిండ్రు.

గల్లీల మొదటి మాట: "ఎవనిది?"
మిర్చి గోదాం హమాలీ ఇటికెల బట్టి గాడిద పేరు చెప్పిండు.
బ్యాండు మాస్టర్ నా పేరే చెప్పిండు,
పైసలకు రాత్రి తాడు ఇప్పిన్నంట.
ఆడపిల్లను అడిగినట్టే అడిగిండ్రు దాన్ని.
అది కడుపి నములుకుంట నిలవడ్డది.

బిలోలి నుంచి వానఖేడే డాక్టర్ వచ్చిండు.
చంక దాక ప్లాస్టిక్ తొడిగి చెయ్యి లోపలికి పెట్టి
గోడ మీది బల్లిని చూసుకుంట తడిమిండు.
"రికామీ" అన్నడు.
పిల్ల లేదు, గడ్డ లేదు, జొరం లేదు.
గోదారి ఒడ్డున వాన ఎనకటి పచ్చిగడ్డి ఎక్కువైందేమో,
ఒంట్లె ఏదో లెక్క తప్పింది,
ఒక్కోదానికి అయితది, ఎందుకో సరిగ్గ తెల్వదు.
దాణా తగ్గియ్, రోజూ నడిపియ్.
పితకకు.
పితికితె, అడుగుతున్నరనుకొని
ఇంకిన్ని ఇస్తది.

వాకిట్ల గిన్నెలు మొదలైనయ్.
కోరింత దగ్గు పిల్లగాని తల్లి ఉగ్గుగిన్నె పట్టుకొని వచ్చింది,
మోకాళ్ల నొప్పుల సావుకారు స్టీలు డబ్బా పంపిండు.
ఎల్లుబాయి అందరికి ఒకటే మాట చెప్పింది:
అది మన కోసం వచ్చింది గాదు.

డాక్టర్‌కు ఒక సంగతి నేను చెప్పలే.
నన్ను కన్న తొమ్మిదోనాడు మా అమ్మ పోయింది.
నాయన తల్లి సాయవ్వ, యాభై ఆరేండ్ల మనిషి,
ఏడ్పు ఆపుతందుకు ఎండిన చన్ను నోట్ల పెట్టింది.
దినాలు గాదు, వారాలు పెట్టింది.
ఒకనాడు రవిక తడిసిందంట.
బియ్యం కడిగిన నీళ్లోలె ఉండెనంట.
ఊరు ఏమన్నదో అవ్వ ఎన్నడూ చెప్పలే.
ఆ లెక్కతప్పు తాగే
నాకు పండ్లొచ్చినయ్.

మొదటి పెండ్లి ఉమ్రీ రోడ్డున, పత్తి దలాలి కొడుకుది.
పెండ్లికొడుకు మేనమామ వంగి చూసి
అపశకునం కింద అయిదు వందలు కోసిండు.
జరీ గుడ్డ కిందికి జారేసి కట్టిన.

బరాత్ సగం దారిల,
నెత్తిన దీపాలు మోసే ఆడోళ్ల వరుసల,
ఒకామె ఒడికట్టుల పసిది ఏడ్సింది.
డీజే మోతల నాకైతె ఇనవడలే.
మోగ్రాకు ఇనవడ్డది.
చెవులు తిరిగినయ్. కాళ్లు ఆగినయ్.
పెండ్లికొడుకు మడిమెలతో పొడిసిండు, కదల్లే.
జరీ గుడ్డ అంచు నుంచి ఒక చుక్క,
ఎనుక ఇంకోటి,
పటాకుల ఎర్ర కాయితాల మీద తెల్లగ.

ఆ తల్లి వంగలేదు. నెత్తి మీద దీపం,
దీపానికి వైరు, వైరు చివర జనరేటర్ బండి.
కళ్లెం పెండ్లికొడుకు చేతికిచ్చిన.
దీపం నా తల మీదికి తీస్కున్న.
ఇంత బరువుంటదని అప్పటిదాక నాకు తెల్వదు.
ఆమె చెప్పుల దుకాణం మెట్ల మీద కూసుంది, మాకు ఈపు తిప్పి.
ఏడ్పు ఆగినంక
గుర్రం కదిలింది.

నెల తిరిగేసరికి వట్టిపోయింది.
ఎల్లుబాయి వేన్నీళ్లతోటి పొదుగు కడిగింది.
మోగ్రా ఆమె చెయ్యి వాసన చూసి
మళ్ల కడుపి దిక్కు తిరిగింది.